ఒక గడప తక్కువ

పిల్లల్ని లెక్కపెట్టకూడదని మా అమ్మ చెప్పేది. పిల్లల్నే కాదు, కోడిపిల్లల్ని కూడా లెక్కపెట్టనిచ్చేది కాదు. "అన్నీ ఉన్నాయా లేదా చూడు, ఎన్ని ఉన్నాయో చూడకు" అనేది. దిష్టి తగుల్తుందని ఆమె భయం. నేను నాలుగో తరగతి దాకా చదివాను, లెక్క రాక కాదు. అయినా ముప్పయ్యేళ్ళు బడిలో ఆయాగా చేసి ఏనాడూ ఒకటీ రెండూ అంటూ పిల్లల తలలు లెక్కపెట్టలేదు. నా పద్ధతి వేరు.

మా ఇంటాయన పీర్‌సాహెబ్ బడిపిల్లల రిక్షా తొక్కేవాడు. అప్పటికింకా తిరువూరులో స్కూలు వ్యాన్లు లేవు. పొద్దున్నే బస్టాండు ఎదురు సందులో మొదలుపెట్టి, మసీదు బజారు, సంత వీధి, రైసుమిల్లు వెనక సందు, అక్కణ్ణించి బడి. గడప గడపకీ ఆగేవాళ్ళం. ఆయన తొక్కడం, నేను వెనక నెట్టుకుంటూ నడవడం. ఒక ఇంట్లో ఇంకా జడ కాలేదంటారు. ఇంకో ఇంట్లో పిల్లాడు ఒక కాలికే బూటేసుకుని రెండోదాని కోసం ఏడుస్తుంటాడు. ఆ వరస నా కాళ్ళకి అలవాటైపోయింది. తర్వాత వ్యాన్లొచ్చాయి. రిక్షా పోయింది, ఆయనా పోయాడు. వరస మాత్రం నాతోనే ఉండిపోయింది. సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడితే మనసులోనే ఆ సందులన్నీ నడిచేస్తాను. ఈ గడప పిల్ల ఉంది. ఆ గడప పిల్లాడున్నాడు. ఎక్కడా కాలు ఆగకుండా చివరిదాకా వెళ్ళానంటే అందరూ ఉన్నట్టే.

ఈ ఏడు ఆగకూడని చోట ఒకసారి ఆగాను. ఆగస్టు పదిహేనుకి పిల్లల్ని గ్రౌండుకి తీసుకెళ్ళి తిరిగి వస్తుంటే, "రైసుమిల్లు వెనక సందు కిరీటి రాలేదండీ" అని అందర్నీ ఎండలో నిలబెట్టేశాను. అరగంట వెతికారు. చివరికి రిజిస్టరు తీసి చూస్తే కిరీటి జూన్‌లోనే టీసీ తీసుకుని ఖమ్మం వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు నాకు చెప్పే వెళ్ళాడు, నా బుగ్గ మీద ముద్దు కూడా పెట్టాడు. అదంతా తర్వాత గుర్తొచ్చింది నాకు. పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వారు, పిల్లలు కదా. టీచర్లు నవ్వకుండా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అది నా మనసులో అలా ఉండిపోయింది.

హెడ్మాస్టరు సుందరరావు సార్ మంచివాడే. నన్ను రూములోకి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కుర్చీ వేశాడంటేనే అర్థమైంది.

"అబీదమ్మా, నీకు రెస్టు కావాలమ్మా. ఈ ఏప్రిల్ దాకా చూద్దాం."

"అలాగేనండి."

"డిసెంబర్లో టూరు ఉంది. ఆడపిల్లలున్నారు కాబట్టి నువ్వు రావాలి. కానీ అక్కడ లెక్క నేను చూసుకుంటా. నువ్వు వాంతులు చూసుకో."

అలా నా చేతికి నిమ్మకాయల సంచీ, ప్లాస్టిక్ కవర్లూ వచ్చాయి.

టూరంటే కొండపల్లి కోట, బెజవాడ మ్యూజియం, ఉండవల్లి గుహలు. నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు. చీకటితోనే బస్సు బయల్దేరింది. తప్పిపోకుండా ఉండటానికని పిల్లలందరికీ పసుపుపచ్చ టోపీలు పెట్టించాడు సార్. బస్సు ఎక్కేచోట ప్రమీలారాణి కూతుర్ని తీసుకొచ్చింది. ఈ ప్రమీలారాణిని చిన్నప్పుడు రిక్షాలో తీసుకెళ్ళింది నేనే. రైసుమిల్లు వెనక సందులో ఆదిశేషయ్యగారి మేడ, ఆయన మనవరాలే ఈ పిల్ల, అనూహ్య. ప్రమీలారాణి పెళ్ళయి విస్సన్నపేట వెళ్ళింది. దసరాకి ఉద్యోగం ఇక్కడికి మారితే అదే మేడమీదకి మళ్ళీ వచ్చింది. పిల్లని మా బళ్ళోనే నాలుగులో వేసింది. తల్లి పోలికలన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి పిల్లకి. అదే నుదురు, అదే బయటికి పొడుచుకొచ్చిన కుడి చెవి.

"కొత్తది అబీదమ్మా, ఇంకా ఎవరితోనూ కలవలేదు. నువ్వెళ్తున్నావని పంపుతున్నాను" అంది ప్రమీలారాణి.

"నేనున్నానుగా" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేస్తాం మనం!

బస్సు కదలగానే ప్రతి టూరుకీ చెప్పేదే చెప్పాను. "ఇదిగో, ఎవరన్నా తప్పిపోతే వెతుక్కుంటూ తిరక్కండి. ఎక్కడున్నారో అక్కడే నిలబడండి. ఎవరు పిలిచినా వెళ్ళకండి. నేనొస్తాను. ఎంతసేపైనా సరే, నేనొస్తాను."

"నువ్వే తప్పిపోతే ఆయమ్మా?" అన్నాడొక గడుగ్గాయి వెనకనించి.

"అప్పుడు నేనూ కదలకుండా నిలబడతాను. నువ్వొచ్చి తీసుకెళ్ళు."

మైలవరం దాటకముందే మొదటి వాంతి. ఇక చెప్పేదేముంది. ఒకళ్ళని చూసి ఇంకొకళ్ళు. కొండపల్లి చేరేసరికి సగం నిమ్మకాయలైపోయాయి. కోటలో గోడలు చూశాం, కూలిపోయిన గదులు చూశాం. రాణులు ఎక్కడ కూర్చునేవాళ్ళో, ఏనుగుల్ని ఎక్కడ కట్టేవాళ్ళో సార్ చెబుతున్నాడు. నేను రాళ్ళ మీద నీడ ఎక్కడుందో చూస్తున్నాను. మోకాళ్ళు అప్పటికే వద్దంటున్నాయి.

మ్యూజియంలో చల్లగా ఉంది కానీ కూర్చోవడానికి లేదు. కత్తులు, డాళ్ళు, నాణేలు, రాతి బొమ్మలు. పది కత్తులు చూశాక పదకొండో కత్తి ఎవరు చూస్తారు? పిల్లలు మాత్రం అద్దాలకి ముక్కులు ఆనించి చూస్తున్నారు. ముట్టుకోవద్దని బోర్డుంది. ముట్టుకోకుండా చూడటమే నా పని.

"ఆయమ్మా, ఈ బొమ్మకి ముక్కేది?"

"మీలాంటి వాళ్ళెవరో పట్టుకుని ఉంటారు. చెయ్యి తియ్యి."

"ఇది రెండు వేల ఏళ్ళదంట. నీకెన్నేళ్ళు?"

"దానికన్నా రెండేళ్ళు చిన్న."

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పి తిని ఉండవల్లి వచ్చేసరికి నాలుగైంది. నాలుగంతస్తుల కొండ గుహలు. మెట్లు చూడగానే నా వల్ల కాదన్నాను. కడుపులో తిప్పుతున్న ముగ్గుర్ని నా దగ్గరుంచుకుని కింద పచ్చిక మీద చతికిలబడ్డాను. సార్, రూత్ టీచరు మిగతావాళ్ళని పైకి తీసుకెళ్ళారు. పిల్లల్ని జంటలుగా నడిపించింది రూత్ టీచరు. చేతిలో చెయ్యి, పక్కపక్కన. అనూహ్యకి జంట లేదు. కొత్త పిల్ల కదా, చివరన ఒక్కతే టోపీ సరిచేసుకుంటూ మెట్లెక్కింది. చూశాను. రూత్ టీచర్‌కి ఒక మాట చెబుదామనుకున్నాను. ఈలోగా ఒళ్ళో పిల్ల వాంతి చేసుకుంది.

ఆ రోజు అక్కడ ఇంకో బడి పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ బస్సూ తెల్లదే, మా బస్సు పక్కనే పెట్టారు. వాళ్ళ టోపీలూ పసుపుపచ్చవే. ఒకే కొట్లో కొన్నారేమో.

ఐదు దాటాక అందరూ దిగొచ్చారు. పిల్లలు సీట్లలో పడ్డవాళ్ళు పడ్డట్టే నిద్రపోయారు. సార్ ముందునించి వెనక్కి వేలితో టోపీలు చూపిస్తూ వెళ్ళాడు.

"నలభై నాలుగు, నలభై ఐదు, నలభై ఆరు. పోనీ రాయప్పా."

డ్రైవరు రాయప్ప బస్సు తీశాడు. నేను ముందు సీట్లో తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. లెక్క చూసే పని నాది కాదు అనుకుంటూనే ఉన్నాను. కాళ్ళు వింటాయా? బస్టాండు ఎదురు సందులో మొదలుపెట్టేశాయి. ఈ గడప, ఆ గడప. మసీదు బజారు అయింది. సంత వీధి అయింది. రైసుమిల్లు వెనక సందులోకి తిరిగాను. మేడ ఇంటి ముందు ఆగిపోయాను.

తలుపు తీసే ఉంది. పిల్ల రాలేదు.

ఇంకోసారి మొదటినించి నడిచాను. మళ్ళీ అక్కడే ఆగాను. నా మీద నాకే అనుమానమొచ్చింది. ఎందుకంటే ఇది అదే సందు. కిరీటి కోసం ఆగిన సందు. మళ్ళీ లేని పిల్లకోసం ఆగానా? ఆ గడప దగ్గర నిలబడాల్సిన పిల్ల మొహం కళ్ళముందుంది. ఆ నుదురు, ఆ చెవి. పేరు ఒక్కటే వచ్చింది నోటికి.

"సార్, ఒక పిల్ల లేదండీ."

సార్ కళ్ళు తెరిచాడు. "నలభై ఆరు ఉన్నారమ్మా. నేను లెక్కపెట్టా."

"ఒక గడప తక్కువైందండీ. బస్సు ఆపండి."

"ఎవరు లేరు? పేరు చెప్పు."

"ప్రమీలారాణి."

మెలకువగా ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. రూత్ టీచరు తల దించుకుంది. సార్ నవ్వలేదు. నిట్టూర్చాడు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"అబీదమ్మా, ప్రమీలారాణని ఈ బస్సులో ఎవరూ లేరు. మన బళ్ళోనే లేరు. నువ్వు అలిసిపోయావు. కళ్ళు మూసుకుని పడుకో."

"పేర్లు పిలవండి సార్ ఒక్కసారి."

"నిద్రపోయే పిల్లలందర్నీ లేపమంటావా? లెక్క సరిపోయిందంటున్నాగా!"

లెక్క సరిపోయింది. నలభై ఆరు అంటే నలభై ఆరే, సార్ అబద్ధం చెప్పడు. అయితే తప్పు నా తలలోనే ఉందన్నమాట. కూర్చుండిపోయాను. బస్సు తాడేపల్లి దగ్గర ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ ఉంది. యా అల్లా, ఆ ప్రమీలారాణి నిజంగా ఎప్పటిదో అయితే నవ్వుతారు, అంతే. రేపు నన్ను ఇంట్లో కూర్చోబెడతారు, అంతే. కాకపోతే? పొద్దున ఎవరో నాతో "నువ్వెళ్తున్నావని పంపుతున్నాను" అన్నారు. ఆ మాట అన్నది ప్రమీలారాణే. అన్నది తల్లయితే మరి రావాల్సింది ఎవరు?

లేచాను. కదిలే బస్సులో సీటు సీటూ పట్టుకుంటూ వెనక్కి నడిచాను. ఒక్కొక్క టోపీ ఎత్తి మొహం చూశాను. "ఆయమ్మా, కూర్చో" అంటున్నాడు సార్. "పడిపోతావు" అంటోంది రూత్ టీచరు. ఈ పిల్ల ఫలానా గడప, వీడు ఫలానా గడప. చివరి నుంచి రెండో సీట్లో, జంట లేని పిల్ల కూర్చునే చోట, కిటికీవైపు ముడుచుకుని ఒక పిల్ల పడుకుంది. మొహం మీద టోపీ. ఎత్తాను.

ఆ మొహానికి మా ఊళ్ళో గడప లేదు.

"నువ్వెవరి పిల్లవే?"

పిల్ల కళ్ళు నులుముకుంది. "షైని."

"ఏ ఊరు?"

"గుడివాడ." అటూ ఇటూ చూసి మొహం మాడ్చుకుంది. "మా టీచరేది? వాంతొస్తే బస్సులో పడుకోమంది."

ఆ మాటతో రాయప్ప ఎవరూ చెప్పకుండానే బస్సు పక్కకి తీసి ఆపాడు. సార్ ఒక్కొక్క పేరు పిలిచాడు. "అనూహ్య" అన్న చోట ఎవరూ పలకలేదు. అప్పుడు తట్టింది నాకు ఆ పేరు. అనూహ్య. అంతసేపూ నాలిక చివరన తల్లి పేరే కూర్చుని కూతురి పేరుని రానివ్వలేదు.

బస్సు వెనక్కి తిరిగింది. షైని నా ఒళ్ళో వెక్కుతూ ఉంది. తల నిమురుతూ ఉన్నాను కానీ నా మనసు పైన ఆ కొండ మీద ఉంది. చీకటి పడబోతోంది. పిల్లకి తొమ్మిదేళ్ళు. రోడ్డుంది, కార్లున్నాయి, ఏటిగట్టుంది. ఏడుస్తూ ఎటు పరిగెత్తినా పరిగెత్తొచ్చు.

గుహల గేటు దగ్గర గుడివాడ టీచర్లిద్దరు ఏడుస్తూ నిలబడి ఉన్నారు. బస్సు ఆగీ ఆగకముందే షైని దూకింది. వాళ్ళ టీచరు పిల్లని పట్టుకుని ముందు ఒక దెబ్బ వేసింది, తర్వాత ముద్దు పెట్టుకుంది. సార్ వాచ్‌మన్ దగ్గరికి పరిగెత్తాడు.

"మా పిల్ల ఒకతి..."

"పైన ఉందండీ. గంటనించి రమ్మంటున్నా, రాదు. దగ్గరికెళ్తే స్తంభాన్ని పట్టుకుని అరుస్తోంది. ఎవరో ఆయమ్మ వస్తుందంట. మా వాడొకణ్ణి దూరంగా కూర్చోబెట్టా కాపలా."

సార్ రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళాడు. నేను కింద నిలబడి ఊపిరి తీసుకున్నాను. పిల్ల ఉంది. ఉంది. చాలు. కాసేపటికి పైనించి సార్ తొంగిచూసి అరిచాడు.

"అబీదమ్మా! నువ్వే రావాలంట!"

మధ్యాహ్నం నా వల్ల కాదన్న మెట్లే. గోడ పట్టుకుని ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ పెట్టుకుంటూ ఎక్కాను. రూత్ టీచరు చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాను, చెయ్యి పడితే నా బరువు ఆమె మీద పడుతుంది. మొదటి అంతస్తు దగ్గర కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఆ గుహలు తొలిచినవాళ్ళు ఎన్నేళ్ళు తొలిచారో గానీ, ఎక్కేవాళ్ళ మోకాళ్ళ గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

పైన చీకటిగా, చల్లగా ఉంది. గోడ పొడుగునా ఒక పెద్ద దేవుడి విగ్రహం పడుకుని ఉంది. తల మీద పాము పడగలు పట్టింది. ఆ తల దగ్గర స్తంభాన్ని వాటేసుకుని నిలబడి ఉంది పిల్ల. సార్ కాస్త దూరంలో పిల్ల టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"ప్రమీలా" అన్నాను. మళ్ళీ నోరు జారింది.

"అది మా అమ్మ పేరు ఆయమ్మా." ఏడుపులోనే కోపం.

"తెలుసే. అనూహ్యా, రా."

స్తంభం వదిలి వచ్చి నా చీరలో మొహం పెట్టుకుంది. నాకు నిలబడే ఓపిక లేదు. ఆ రాతి నేల మీదే కూలబడ్డాను.

"ఇంతసేపు పట్టిందేం?"

"మెట్లున్నాయిగా. నువ్వెందుకే ఇక్కడుండిపోయావు?"

"పాము తలలు లెక్కపెడుతున్నా. మా తాతయ్య పేరే దానిది, ఆదిశేషుడు, సార్ చెప్పారు. చూసేసరికి ఎవరూ లేరు. పరిగెత్తబోయా. నువ్వు కదలొద్దన్నావుగా. అందుకని తాతయ్య పేరున్న దాని దగ్గరే నిలబడ్డా."

"ఈ సార్ వచ్చాడుగా, వెళ్ళొచ్చుగా?"

సార్‌వైపు చూసి నా చెవిలో చెప్పింది. "కొడతారేమోనని."

సార్‌కి వినిపించింది. మొహం అటు తిప్పుకున్నాడు.

దిగేటప్పుడు సార్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి వద్దనలేదు. బస్సు బెజవాడ దాటాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అనూహ్య నా ఒళ్ళో నిద్రపోయింది.

"అబీదమ్మా, ఏప్రిల్ సంగతి నేనేదో అన్నాను. అది మర్చిపో."

"మర్చిపోవడం ఒక్కటే కదండీ ఇప్పుడు నాకు బాగా వస్తోంది."

నవ్వబోయి ఆగాడు. "నిజంగా అంటున్నా. వచ్చే ఏడాదీ ఉండు. నువ్వు లేకపోతే ఇవాళ..."

"వద్దు సార్. గడప తప్పలేదు గానీ పేరు తప్పాను. నేను లేవకుండా సీట్లోనే కూర్చునుంటే? కూర్చున్నాను కూడా కాసేపు. తాడేపల్లి దాకా కూర్చునే ఉన్నాను. వచ్చే ఏడు గడప కూడా తప్పుతానేమో, ఎవరికి తెలుసు? నా మీద పెట్టుకోకండి."

సార్ నిద్రపోతున్న పిల్లవైపు చూశాడు.

"ఒక్కటి మాత్రం చెయ్యండి. తలలు లెక్కపెట్టకండి. పేరు పెట్టి పిలవండి, పలికితేనే ఉన్నట్టు. జంట లేని పిల్ల ఉంటే దాని చెయ్యి మీరు పట్టుకోండి."

"అలాగే" అన్నాడు. కిటికీవైపు తిరిగి, "పిల్లల్ని కొట్టే అలవాటు నాకు లేదమ్మా" అన్నాడు. నాకు చెప్పినట్టు లేదు. నేను సరేనన్నాను.

తిరువూరు చేరేసరికి తొమ్మిది దాటింది. బళ్ళేసుకుని తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ప్రమీలారాణి ఎదురొచ్చింది. సార్ నావైపు చూశాడు. చెప్పొద్దన్నట్టు కాదు, తనే చెబుతానన్నట్టు. కానీ ఆ పొద్దున మాటిచ్చింది నేను.

"నీ పిల్లని పైన వదిలేసి వచ్చేశామమ్మా. గంటన్నర ఒక్కతే ఉంది. మళ్ళీ వెళ్ళి తెచ్చాం."

ప్రమీలారాణి పిల్లని తల నించి కాళ్ళదాకా తడిమింది. సార్ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, ఆమె వినలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపుకి నేను తలొంచుకున్నాను. తిట్టినా పడేదాన్ని.

"అమ్మా, తాతయ్యకి ఎన్ని తలలున్నాయో తెలుసా?" అంది అనూహ్య.

ప్రమీలారాణి పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగింది. "రా అబీదమ్మా, చీకట్లో ఒక్కదానివీ వెళ్ళకు" అంది. కోపం పోలేదు గొంతులో. అయినా రమ్మంది.

మా ఇల్లు ఆ దారిలో కాదు. అయినా వాళ్ళ వెనకే నడిచాను, రిక్షా వెనక నడిచినట్టే, ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ. సంత వీధి దాటాం. రైసుమిల్లు వెనక సందులోకి తిరిగాం. మేడ తలుపు తీసే ఉంది, లోపల దీపం వెలుగుతోంది, ఆదిశేషయ్యగారు వరండాలో నిలబడి ఉన్నారు. పిల్ల చెప్పులు విప్పి గడప దాటి లోపలికి వెళ్ళింది.

అంతా చూశాక గానీ నా కాలు అక్కణ్ణించి కదల్లేదు.